చాటెడు తవుడు, ఒక కాలేజీ ఫారం

1949లో నేను మిర్యాలగూడ సర్కారు దవాఖానాలో దాయిగా ఉన్నాను. దాయి అంటే నర్సమ్మ చేతి కింద కాన్పులు చూసే మనిషి. అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా పెన్‌పహాడ్, చివ్వెంల వైపు పల్లెల్లో మంత్రసాని పని చేశాను. అప్పటికి నాకు అక్షరం రాదు. మీకు బాగా గుర్తున్న కేసు ఏదని ఎవరైనా అడిగితే, నేను కాన్పు గురించి కాకుండా, కాన్పయిన పదిహేడేళ్ళకు వచ్చిన ఒక కాలేజీ ఫారం గురించే చెబుతుంటాను.

ఆ జూన్ నెలలో పెన్‌పహాడ్ నర్సయ్య కొడుకును వెంటపెట్టుకొని దవాఖానాకు వచ్చాడు. కొడుకు పేరు పెంటయ్య. సూర్యాపేట హైస్కూల్లో మెట్రిక్ పాసయ్యాడు. ఆ ఇంట్లో బడి గడప తొక్కింది వాడొక్కడే.

"అక్కా, ఫారం వాపస్ వచ్చింది," అన్నాడు నర్సయ్య.

"ఏం ఫారం?"

పెంటయ్య చెప్పాడు. "పట్నంల కాలేజీకి పెట్టిన దర్ఖాస్తు, కొన్నమ్మా. తండ్రి నిశాని కాడ బాపు ఏలుముద్ర ఏసిండు. సర్టిఫికెట్ల తండ్రి పేరు ముత్తయ్య అని ఉన్నది. గీ నర్సయ్య ఎవరని ఎర్ర సిరాతోని రాసి పంపిన్రు. నాలుగొద్దులల్ల తహసీలు కచేరి కాగితం తేకపోతే నా సీటు ఇంకొకలకు ఇస్తరట."

ముత్తయ్య మా ఆయన. అప్పటికి ఆయన పోయి ఆరేళ్ళు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. నర్సయ్య భార్య ఎల్లమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి, పురిటిలోనే పోయారు. నాలుగో కాన్పూ నా చేతుల మీదే, ఎదురుకాళ్ళది. దవాఖానాలో దాన్ని బ్రీచ్ అంటారు, తలకు బదులు కాళ్ళు ముందు వస్తాయి. ఎలాగో బిడ్డ దక్కాడు. అలా పుట్టిన బిడ్డ నిలవాలంటే మావైపు ఒక ఆచారం ఉంది. బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. మంత్రసాని ఒక చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. అప్పటి నుంచి వాడు తల్లిదండ్రుల బిడ్డ కాదు కాబట్టి కీడు వాళ్ళ గడపకు వచ్చి వెతుక్కున్నా దొరకడు. పెళ్ళినాడు తవుడు తిరిగి ఇచ్చి బిడ్డను వెనక్కు కొనుక్కుంటారు. పెంటయ్యను అలా నేను కొన్నాను. పెరగడమంతా వాళ్ళింట్లోనే. పేరుకు మాత్రం నా బిడ్డ. అందుకే వాడు నన్ను కొన్నమ్మ అంటాడు.

బడిలో వేసిన రోజు పంతులు తండ్రి పేరు అడిగితే నర్సయ్య నిజాయితీగా మా ఆయన పేరు చెప్పాడు. పంతులు రాసుకున్నాడు. అదే పేరు తరగతులన్నీ దాటి సర్టిఫికెట్ దాకా వచ్చింది.

మర్నాడు సూర్యాపేట కచేరికని బస్సెక్కాం. దారిలో పెన్‌పహాడ్ దగ్గర ఎల్లమ్మ ఎక్కింది. రోడ్డు మీద మిలిటరీ లారీలు ఎదురైనప్పుడల్లా బస్సు పక్కకు దిగి ఆగుతోంది. పెంటయ్య ఫారాన్ని చొక్కా లోపల పెట్టుకొని, దాని మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాడు.

కచేరి వరండాలో దర్ఖాస్తులు రాసే మున్షీ ఉన్నాడు. కోదాడ మనిషి, మాట ఆంధ్రా వైపు ఒరిగి ఉంటుంది.

"చెప్పమ్మా, త్వరగా. ఈ కుర్రాడు నీకేమవుతాడు?"

"నేను కొన్న పిలగాడు సారూ."

"కొన్నావా?"

"కొన్న. గీళ్ళే అమ్మిన్రు."

మున్షీ నా వైపు ఒకసారి చూసి, ఉర్దూలో రాసుకుపోయాడు. చివర నా బొటనవేలు పట్టుకొని సిరాలో అద్ది నొక్కించాడు. ఏం రాశాడని నేను అడగలేదు. అడగాలని కూడా తెలియదు.

లోపల పేష్కారు ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీశాడు. పేష్కారు అంటే తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే గుమాస్తా.

"ఏమమ్మా, పోరన్ని ఎంతకు కొన్నవ్?"

"చాటెడు తవుడుకు."

పక్క బల్ల దగ్గరివాళ్ళు నవ్వారు. "గంత సస్తగ దొరికిండా? మా ఇంట్ల నలుగురున్నరు, తోలుకపోతవా?" అన్నాడు ఒకాయన.

పేష్కారు నవ్వలేదు. "మనుషులను కొనుడు అమ్ముడు నేరం. గీ కాగితం లోపలికి పోతె నిన్నూ గీ అమ్మినోళ్ళనూ పోలీసులు తీస్కపోతరు. సీటు సంగతి తర్వాత." కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "ఒక్కటే మాట రాపియ్యి. గీడు నా కొడుకు గాదు, నర్సయ్య కొడుకు అని. రేపు తహసీల్దారు సాబ్ ఊర్లు తిరగ దౌరా పోతడు. ఇయ్యాల మూడింటి లోపట తెస్తెనే మోహరు ముద్ర పడ్తది."

వరండాలోకి వచ్చి నేను నోరు తెరిచేలోపే ఎల్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మల్లక్కా, గా మాట అనకు. తవుడు వాపస్ ఇయ్యకముందే కొడుకు గాదని నువ్వంటె పోరనికి కీడు తగులుతది. ముగ్గుర్ని మట్టిల పెట్టిన."

"గట్లంటె సీటు పోతదే," అన్నాడు నర్సయ్య.

"పోనీ. పానం ఉంటె సాలు."

పెంటయ్య గోడకు ఆనుకొని ఉన్నాడు. "అవ్వా, నేనిప్పుడు సచ్చేటోని లెక్క ఉన్ననా?" అన్నాడు.

"నోరు మూసుకో. గా మాట తియ్యకు," అంది ఎల్లమ్మ.

ఆమెను తప్పుపట్టలేను. ఆ ముగ్గురినీ ఆమె ఒడిలోంచి తీసుకున్న చేతులు నావే. భయం లేదని చెబితే పోయే భయం కాదది. కాన్పు గదిలోనూ అంతే, ఏడవకు అంటే ఎవరూ ఊరుకోరు. ఏదో ఒక పని చేతికివ్వాలి.

"తవుడు వాపస్ ఇస్తె సరిపాయె గద," అన్నాను.

"పెండ్లినాడు ఇస్తనని మొక్కుకున్న."

"నువ్వు మొక్కుకుంటివి. కొన్నదెవరు?"

"నువ్వే."

"కొన్నదాన్ని నేనైతె, ఎప్పుడు అమ్మాల్నో చెప్పేది నేను. ఇయ్యాల అమ్ముతున్న. తీసుకుంటవా, ఇంకొకలకు అమ్మాల్నా?"

ఎల్లమ్మ కొడుకు వైపు చూసి, "మిల్లు ఏ దిక్కున్నదిరా?" అంది.

పెంటయ్య తన తవుడు తానే తెచ్చుకున్నాడు. రుమాల్లో మూటకట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. చాట లేదు. కచేరి ఊడ్చే ఆమె చాట అడిగాం. ఆమె దాన్ని కడిగి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. కచేరి మెట్ల మీద ఎల్లమ్మ చాటెడు తవుడు నా ఒడిలో పోసింది. నేను పెంటయ్య చెయ్యి పట్టి ఆమె చేతిలో పెట్టాను. వాడు నాకంటే జానెడు పొడుగు. మున్షీ రాయడం ఆపి చూస్తున్నాడు.

"ఇప్పుడు రాయి సారూ," అన్నాను.

ఈసారి బొటనవేలు ఇవ్వలేదు. ముందు చదివి వినిపించమన్నాను. మున్షీ విసుక్కుంటే పెంటయ్య కాగితం తీసుకున్నాడు. ఉర్దూలో చదివి మన మాటలో చెప్పాడు. "మల్లమ్మ అనే నేను చెప్పేదేందంటె, గీ పెంటయ్య..." అని ఆగాడు.

"సదువు."

"నా కొడుకు గాదు అని ఉన్నది, కొన్నమ్మా."

"సరిగనే ఉన్నదా?"

"సరిగనే ఉన్నది."

వేలిముద్ర వేశాను. మూడింటికి ముందే మోహరు పడింది. వాడు అటునుంచి అటే పట్నం బస్సెక్కాడు. సీటు దక్కింది. నా ఒడిలోని తవుడు తహసీల్దారు గుర్రం తిన్నది.

చాలా కాలం ఆ మున్షీ తప్పు రాశాడనే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిందే రాశాడు. కొన్నాను అనే మాటకు మా ఇళ్ళల్లో ఉన్న అర్థం కాగితం మీదికి రాలేదు, అంతే. పంతులు రాసుకున్నదీ అలాంటిదే. అంతవరకు బొడ్డు కోసి, మాయ పడితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ తర్వాత ఏ కాన్పుకు వెళ్ళినా, రిజిస్టరులో తల్లి పేరు, తండ్రి పేరు ఏం రాశారో గట్టిగా చదివించుకొని గానీ కదల్లేదు. నర్సమ్మలు నవ్వేవారు. చివరికి, ఒకరిని చదవమని అడిగే పని లేకుండా, యాభై దాటాక నేనే అక్షరాలు నేర్చుకున్నాను.

మెట్రిక్ సర్టిఫికెట్లో తండ్రి పేరు మాత్రం మార్చడానికి వీల్లేదన్నారు. కాలేజీవాళ్ళు కచేరి కాగితాన్ని దానికి జతచేశారు. మాకు పిల్లలు లేరు. పొలం లేదు, పట్టా లేదు. మా ఆయన పేరు రాసి ఉన్న కాగితం లోకంలో నాకు తెలిసి ఆ సర్టిఫికెట్ ఒక్కటే. అది ఉర్దూలో ఉంది, నాకు వచ్చింది తెలుగు. అయినా ఆ పేరు ఎక్కడుందో నాకు తెలుసు. పెంటయ్య ఒకసారి వేలు పెట్టి చూపించాడు. రెండో వరుసలో, ఎడమవైపు చివర.