రాగి తీగకు వేసిన ముడి

నా చిన్నప్పుడు, సిరిసిల్లలో మా అమ్మమ్మ వాళ్ల వాడలో మనుషులు మాట్లాడుకునేది తక్కువ, అరుచుకునేది ఎక్కువ. ఇంటింటా సాంచాలు, అంటే మరమగ్గాలు ఆడుతుంటే మెల్లగా చెప్పిన మాట ఎవరికి వినపడుతుంది? ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే పనిచేసిన మా తాతయ్యకు, నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి చెవులు దాదాపు వినపడకుండా పోయాయి. అంతకుముందు శనివారం భజనలో ఆయనదే ముందు గొంతు. ఒక శనివారం అందరూ పాట ఆపేశాక కూడా తెలియక తానొక్కడే పాడుతూ ఉండిపోయాడట. ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఆయన భజనకు వెళ్లలేదు. మెల్లమెల్లగా మాతో మాట్లాడటమూ తగ్గించేశాడు.

మా మేనమామ కోరుట్లలో రేడియోలు బాగుచేసే కొట్టులో పనిచేసేవాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో పాడైన రేడియోల నుంచి తీసిన గాజు వాల్వులూ, కండెన్సర్లూ సంచిలో వేసుకొచ్చి, ఇంట్లోనే చప్పుడు పెంచే ఆంప్లిఫయర్ కడతానన్నాడు. రేడియోకు దాన్ని తగిలించి పెద్ద స్పీకర్ మంచం పక్కన పెడితే, పొద్దున వచ్చే భక్తిగీతాలైనా తాతయ్య చెవిన పడతాయని మామ ఆశ. రేకు డబ్బాకు బొక్కలు కొట్టి, ఒక్క పెద్ద వాల్వే స్పీకర్‌ను మోగించేలా అన్నీ అమర్చాడు. ఆ వాల్వుకూ స్పీకర్‌కూ మధ్య ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం దొరకలేదు. వెంట్రుకంత సన్నని రాగి తీగతో దాన్ని వేల చుట్లు చుట్టుకోవాలి. మామ ఇల్లంతా కలియజూసి, అమ్మమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం ముందు నన్ను కూర్చోబెట్టాడు.

"కండెలు చుట్టే చెయ్యి గదా కోడలా, నువ్వే చుట్టు. తెగితే మాత్రం నన్ను పిలువు" అన్నాడు.

నా గొప్ప అంతా ఇంతా కాదు. లెక్క తప్పకుండా వెయ్యి దాటించాను. మామ అన్నం తినడానికి లేచిన కాసేపటికే తీగ పుటుక్కుమంది. పద్మశాలి ఇంటి పిల్లను, పోగు తెగితే ఎవరినైనా పిలుస్తానా? అతుకు కనపడకుండా ముడి వేయడమే మా ఇళ్లల్లో పనితనం. ఊపిరి బిగబట్టి, నూలుకు వేసినట్టే సన్నటి ముడి వేసి, మళ్లీ రాట్నం తిప్పాను. మామ వచ్చి చూసి మెచ్చుకున్నాడు. నేను నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగాయి, కానీ స్పీకర్ కిమ్మనలేదు. తాతయ్య దానికి చెవి ఆనించుకుని కూర్చున్నాడు. మా అందరి ముఖాలూ ఒకసారి చూసి తల ఊపాడు.

"మంచిగ ఇనవడ్తున్నది బిడ్డా" అన్నాడు మామతో.

మామ గబుక్కున స్విచ్ ఆపి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు వాల్వులు మార్చాడు, కండెన్సర్లు మార్చాడు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. మూడోరోజు సామాను సంచిలో వేసుకుంటూ, "నాతోని అయితలేదక్కా, పని రాకపాయె నాకు" అని మా అమ్మతో అన్నాడు. ఇక నా వల్ల కాలేదు. ఏడుస్తూ ముడి సంగతి చెప్పేశాను.

ఎందుకు దాచావని ఆయన అడగలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చుట్లన్నీ విప్పించాడు. ముడి కనపడగానే వెలుతురుకు పట్టి చూశాడు.

"అబ్బ, ఏం ముడేసినవే! మా అమ్మతోని గూడ గింత సన్నగ గాదు. గని దీనికి పైన వార్నిష్ ఉంటది. గది గీకక ముడేస్తే కరెంటు దాటది" అన్నాడు. బ్లేడుతో రెండు కొసలూ గీకి, కలిపి మెలిపెట్టి, సీసం అంటించి, అతుకు మీద కాగితం చుట్టి, మళ్లీ రాట్నం నాకే ఇచ్చాడు. ఇచ్చి అన్నానికి వెళ్లాడు. కాసేపటికి తీగ మళ్లీ తెగింది. ఈసారి వాడంతా వినేలా అరిచాను. మామ ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు, ముఖం నిండా నవ్వు. ఆ తీగను ముందే కాస్త గీరిపెట్టి వెళ్లాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

తర్వాతి పొద్దున పాట ఒక్కసారిగా మోగేసరికి తాతయ్య ఉలిక్కిపడి లేచాడు.

"గంత పెద్దగేందిరా! జర తగ్గియ్యి!"

మామ తగ్గించలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. అమ్మమ్మ పని ఆపి వచ్చి గడపలో కూర్చుంది. పాట అయ్యేలోపు తాతయ్య పెదవులు మెల్లగా కదలడం నేను చూశాను.

పెద్దయ్యాక జగిత్యాలలో ఏళ్లపాటు నర్సుగా పనిచేశాను. నా చేతిలో పొరపాటు జరిగినప్పుడల్లా ఎవరి కంటా పడకుండా సర్దేద్దామనే మొదట అనిపించేది. కానీ, చెప్పకుండా దాచిన ఆ మూడు రోజులూ తప్పు తన చేతిదని మామ అనుకున్నాడు, తన చెవులదని తాతయ్య అనుకున్నాడు. నా తప్పును నేను ఒప్పుకోకపోతే, ఏ పాపం ఎరుగని మరొకరు అది తమదే అనుకుని కుమిలిపోతారు. అది తెలిశాక నోరు మూసుకుని ఉండటం మళ్లీ నాకు చేతకాలేదు.