మునిగేవాళ్ళు అరవరని చెప్పిన అక్క

నటి సుగుణక్క ఇక లేరని ఫోన్‌లో విన్నాను. మొన్న ఆదివారం కూడా ఫిల్మ్ నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో పిల్లల్ని వెల్లకిలా తేలిస్తూ, "పొట్ట మీదికి, మొగులు సూడుండ్రి" అని ఆకాశం చూపిస్తూ గదమాయించిన మనిషి. నిద్రలోనే గుండె ఆగిందట.

ప్రేక్షకులకు ఆమె అత్తగా, వదినగా తెలుసు. "నన్ను ముంచని డైరెక్టర్ లేడు తమ్మీ. గోదారిల ముంచిన్రు, కృష్ణల ముంచిన్రు, ఆఖరికి సెట్టేసిన బాయిల గూడ ముంచిన్రు" అని నవ్వేవారు. తెరమీద అన్నిసార్లు మునిగినా, హైదరాబాద్‌లో పుట్టిన ఆమెకు ఈత చిన్ననాటి విద్య.

నా సినిమాలో పిల్లవాడు చెరువులో మునుగుతూ "కాపాడండి!" అని కేకలు పెడతాడని రాశాను. అక్కది తల్లి పాత్ర.

"ఏంది తమ్మీ గిది? ఊపిరికే దిక్కులేనోడు మొత్తుకుంటడా? మునిగేటోడు సప్పుడు చెయ్యడు."

"అరవకపోతే హాల్లో ఎవరికి తెలుస్తుందక్కా?"

"హాల్ల తెల్వకున్నా ఫికర్ లేదు. గట్టున తెల్వాలె."

నేను వినలేదు. కేక అలాగే తీశాను.

ఐటీ ఉద్యోగాలతో నగరం ఉబ్బుతున్న రోజులు. కొత్త అపార్ట్‌మెంటంటే ఈతకొలను ఉండాల్సిందే. ఈత వచ్చినవాళ్ళే అరుదు. ఓ పుట్టినరోజు విందుకు పెద్దలమంతా కొలను చుట్టూ చేరాం. మా పాప నా ఎదురుగానే, కాళ్ళందని చోట, తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తోంది. నిర్మాతకు ఫోన్‌లో కథ చెబుతూ నేను పాపకు చెయ్యూపాను కూడా. అరవలేదు కదా, ఆడుకుంటోందనుకున్నాను. అక్క పట్టుచీరతోనే దూకారు.

పాప దగ్గి, ఏడ్చింది. అక్క నీళ్ళోడుతూనే, "ఆదివారంకెళ్లి పిల్లలను తోలుండ్రి, ఈత నేర్పుత" అన్నారు అందరితో.

ఆమె ముందు తేలడం నేర్పేవారు, తర్వాతే ఈత. తోటివాడు మునిగితే వెంట దూకొద్దని, పెద్దల్ని పిలిచి గట్టునుంచే తువ్వాలు అందించమని పదేపదే చేయించేవారు. కాపలా ఉన్న పెద్దలు ఫోన్ ముట్టకూడదు. "కూసునుడు కాదు, సూసుడు" అనేవారు. "నువ్వెప్పుడు దిగుతవ్ తమ్మీ?" అని నన్నడిగేవారు. వచ్చేవారం అనేవాణ్ణి. ప్రతివారమూ అదే మాట.

ఈ ఆదివారం పిల్లలు ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డారు. పెద్దలం అందరం ఉన్నాం. ఒక్కరికీ ఈత రాదు. ఎవర్నీ నీళ్ళలోకి దింపకుండానే ఇళ్ళకు పంపేశాం.

అక్కా, మీకు చేతులెత్తి మొక్కడానికి కూడా మేం గట్టునే నిలబడి ఉన్నాం.