మేకప్ రాఘవయ్యగారి పదహారు చెవులు

మా కాస్ట్యూమ్ షాపు ఫిల్మ్‌నగర్‌లో, జూబ్లీ హిల్స్ వైపు నుంచి దిగే ఏటవాలు సందులో ఉంది. షూటింగులకు అద్దెకిచ్చిన బట్టలు తిరిగొచ్చాక ఊడిన గుండీలు, హుక్కులు కుట్టడం నా పని. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన దగ్గర్నుంచి ఇక్కడే గుమ్మం పక్కన కూర్చుంటున్నాను. తల వంచుకుని కుడతాను కాబట్టి నేనేమీ చూడనని అందరూ అనుకుంటారు. నేను అందరికంటే ఎక్కువగా చూసిన మనిషి మేకప్ వీరరాఘవయ్యగారు.

ఆయనకి అరవై ఆరేళ్ళు. జుట్టుకి రంగు వేస్తారు, కళ్ళద్దాలు మాత్రం పెట్టుకోరు. ముప్పై ఏళ్ళు హీరోల మొహాలు దిద్దిన కళ్ళకి అద్దాలేంటి అంటారు. అందుకే రోజూ మా షాపు ముందు బట్టలు తొడిగిన బొమ్మని మనిషనుకుని నమస్కారం పెట్టి వెళ్తారు.

రిటైరయ్యాక ఆయన పిల్లుల్లో పడ్డారు. ఒక వానాకాలం ఆయన విగ్గుల పెట్టెలో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు వానకి కార్ల కింద దూరి, చక్రాల కింద పోయాయి. నాలుగోది తెల్లటి ఆడపిల్లి, బతికింది. దానికి హీరోయిన్ అని పేరు పెట్టారు. పుట్టించడం పిల్లికి తేలికే, వానలు దాటించడమే కష్టం అని ఆయన ఆ రోజు అన్న మాట నాకు గుర్తుంది.

పిల్లుల మీద కోపం ఉన్న మనిషి ఎదురు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు సీతామహాలక్ష్మిగారు. ఆవిడ మేడ మీద వడియాలు ఆరబెట్టిన చీర మీద ఒక పిల్లి పురుడు పోసుకుంది. దాంతో సందులోని పిల్లులన్నిటినీ గోతాల్లో కట్టించి, ఊరు దాటించి వదిలేయిస్తానన్నారు. అక్కడ తిండి దొరకదు, దారి తెలియదు, వదిలినవి వదిలినట్టే పోతాయని రాఘవయ్యగారు బతిమాలారు.

"మూడు నెలలు టైమివ్వండమ్మా. ఒక్కదాన్నీ వదలకుండా ఆపరేషన్ చేయిస్తాను. ఇక పిల్లలు పుట్టవు."

"సరే. ఆ తర్వాత ఆదివారం నేనే దగ్గరుండి లెక్కపెడతాను. ఒక్కటి తప్పినా అన్నీ గోతాల్లోకే!"

ఆ మూడు నెలలు సందంతా ఆయన సెట్టే. ముందు రోజు పిల్లులకి ఎవరూ తిండి పెట్టకూడదని ఆర్డరు. పొద్దున్నే బోనులో ఎండు చేప పెట్టి, "షాట్ రెడీ మేడమ్" అని దూరంగా నిలబడేవారు. పిల్లి లోపలికెళ్ళి తలుపు పడగానే, అది బెదరకుండా బోను మీద దుప్పటి కప్పి ఆటోలో ఆసుపత్రికి పట్టుకెళ్ళేవారు. అక్కడ మత్తులో ఉండగానే ఆపరేషన్ చేసి, ఎడమ చెవి కొన కొంచెం కత్తిరిస్తారు. చెవి చూస్తే చాలు, పని అయిపోయిన పిల్లి అని తెలుస్తుంది, మళ్ళీ ఎవరూ పట్టుకోరు. కోలుకున్నాక పట్టుకున్న చోటే వదిలేవారు. ఇలా పదహారు పిల్లులు, పదహారు చెవులు.

లెక్క చూసే ఆదివారం వచ్చింది. గేటు దగ్గర గోతాలు మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. రాఘవయ్యగారు స్టీలు పళ్ళెం మీద గరిటె కొట్టి, సెట్లో టిఫిను వేళ పిలిచినట్టు "బ్రేక్!" అని కేకేశారు. గోడల మీద నుంచి, కార్ల కింద నుంచి పిల్లులు వచ్చేశాయి. వాచ్‌మన్ పని చేసే దేవమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"పదిహేను."

"హీరోయిన్ ఎప్పుడూ లేటేనండీ" అన్నారు రాఘవయ్యగారు.

తెల్ల పిల్లి తీరిగ్గా మెట్లు దిగి వచ్చింది. ఎడమ చెవి నిండుగా, కొనదేలి ఉంది.

"ఇదేంటండీ?" అన్నారు సీతామహాలక్ష్మిగారు.

"మొట్టమొదట చేయించింది దీనికేనమ్మా!"

"అయితే మళ్ళీ మొలిచిందా?"

"పిల్లికి చెవు మొలుస్తదా అమ్మా! గిది వేరే పిల్లి" అంది దేవమ్మ.

రాఘవయ్యగారు పిల్లిని ఎత్తుకుని కళ్ళు చికిలించి చూశారు. "నా కళ్ళే మోసం చేశాయేమో" అన్నారు మెల్లగా. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. దేవమ్మ గోతాల వైపు నడిచింది.

సంగతి నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు సూది పక్కన పెట్టి లేచాను.

"సార్... గది నిజం చెవు కాదు. నిన్న షూటింగుకు తెల్ల పిల్లి గావాలని బాబీ అన్న గీడ మెట్ల మీద కూసొని అతికిచ్చిండు. గుడ్డముక్క నేనే ఇచ్చిన."

బాబీ రాఘవయ్యగారి శిష్యుడు, మీసాలు అతికించడంలో దిట్ట. చెవి తెగిన పిల్లి తెర మీద బాగుండదని డైరెక్టరు అన్నాడట.

రాఘవయ్యగారు చెవి వాసన చూశారు, మీసాలు అతికించే జిగురే. దూదితో కొబ్బరినూనె అద్దారు. కాసేపటికి చెవి కొన ఆయన వేళ్ళలోకి ఊడొచ్చింది. కింద పాత కత్తిరింపు చక్కగా ఉంది. ఆయన ఊపిరి పీల్చుకుని, వెంటనే గుడ్డముక్కని తిప్పి చూసి మొహం చిట్లించారు.

"అంచు కలపడం ఇంకా రాలేదు వెధవకి!"

"మరి నువ్వు గుర్తు పట్టలేదు గద సారూ" అంది దేవమ్మ.

"ఆగండి" అన్నారు సీతామహాలక్ష్మిగారు. "లేని చెవి పెట్టేవాళ్ళకి, ఉన్న చెవి లేనట్టు చేయడం ఎంతసేపు? మిగతా పదిహేనూ మేకప్ కాదని నమ్మకమేంటి?"

ముప్పై ఏళ్ళు సంపాదించిన పేరు ఆయనకే ఎదురు తిరిగింది. ఆయన దూది, నూనె గిన్నె ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ జన్మలో పిల్లిని ముట్టుకున్న మనిషి కాదు. రెండు వేళ్ళతో, మొహం పక్కకి తిప్పుకుని, విలన్ అనే నల్ల పిల్లి చెవి రుద్దారు. చెవి మారలేదు. విలన్ మాత్రం ఇంకా రుద్దమని తల ఆవిడ అరచేతిలో పెట్టింది. పదకొండు చెవులు తుడిచేసరికి మిగిలినవి గోడెక్కేశాయి.

"చెవికి మేకప్ వేయొచ్చేమో గానీ కడుపుకి వేయలేనమ్మా" అన్నారు రాఘవయ్యగారు. "ఈ వానలు వెళ్ళేదాకా చూడండి. ఒక్క పిల్ల పుట్టినా గోతాం నోరు నేనే పట్టుకుంటాను."

ఆవిడ నూనె వేళ్ళు కొంగుకి తుడుచుకుని, "చూస్తాను" అన్నారు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఈ ఏడు సందులో ఒక్క పిల్లికూన పుట్టలేదు, కారు కింద చూసి ఎవరూ అయ్యో అనలేదు. గోతాల మీద విలన్ పడుకుంటున్నాడు. సీతామహాలక్ష్మిగారికి మాత్రం ఇంకా అనుమానం తీరలేదట. ప్రతి ఆదివారం నూనె గిన్నెతో వచ్చి, మెట్ల మీద కూర్చుని చెవులు తుడిచి చూస్తారు. పిల్లులు వరసలో నిలబడతాయి.

రాఘవయ్యగారు కూడా ఆవిడ పక్కన నిలబడి చూస్తారు. కొత్తగా జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంటారు. మెట్ల వైపు ఎవరైనా వస్తున్న చప్పుడైతే చటుక్కున తీసేస్తారు. అప్పుడు నేను తల వంచుకుని గుండీ కుట్టుకుంటాను.