కరెంటుకు ఎగిరిన బొటనవేలు

ఈ సంగతి పదేళ్ళ కిందటే చెప్పి ఉండాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. పుదుచ్చేరిలో మాది నాలుగు తరాల తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. తెలుగు మాట్లాడటమే గాని రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకైతే ఏ రాతా రాదు. యాభై నాలుగో ఏట మా పక్కింటి సుభద్రమ్మగారు నాకు పలక పట్టించారు. వాళ్ళాయన యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. అక్షరాలు వచ్చాక కూడా ఏడాది పాటు ఊరికే ఉన్నాను. ఇందులో నేనాడిన అబద్ధం ఒకటి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి అంతకాలం పట్టింది.

మాకు ముత్తియాల్‌పేటలో పాత్రల అంగడి. ఎవరు ఏ పాత్ర కొన్నా, చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని దాని మీద పేరు కొట్టివ్వడం మా ఆయన పని. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వానల కాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తీసుకుని అంగడికి వెళ్ళాను. ఆయన ఒక బిందె మీద పేరు కొడుతున్నారు. మూడో అక్షరం దగ్గర ఉలి జారి పొడుగ్గా గీత పడింది.

"ఏంది అన్నా, నా పేరుకు తోక పెట్టినారే!" అని బిందె కొన్నామె నవ్వింది.

ఆయనా నవ్వబోయారు. నోరు ఒక పక్కే నవ్వింది.

"ఏమయ్యా, ఏందట్టా చూస్తాండావు?" అన్నాను.

"చెయ్యి యాడుండాదో తెలీలేదు మే" అన్నారు. ఆ మాట కూడా ముద్దగా వచ్చింది. సుత్తి కిందపడింది. వంగి తీసుకోబోయి ఆయనా పడ్డారు.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. స్ట్రోక్ అన్నారు. బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు. తలకు వైర్లు అంటించి ఈఈజీ తీశారు. వెన్నులోంచి నీరు తీశారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూడో రోజు వార్డు డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇలా చెప్పారు: "అమ్మా, వచ్చిందేదో వచ్చింది. కొంత కోలుకుంటాడు. ఇక మన పనంతా రెండో స్ట్రోక్ రాకుండా చూడటమే. రెండోది వస్తే నేను మాట ఇవ్వలేను. ఈ బీపీ మాత్రలు బతికున్నన్నాళ్ళూ వెయ్యాలి."

నెల తిరిగేసరికి మాట వచ్చింది. కర్ర పట్టుకుని నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. ఫిజియోథెరపీలో ఆ చేతిని పట్టుకుని పైకీ కిందికీ ఆడించేవారు. వదిలితే తడిబట్టలా జారిపోయేది.

మూడో నెలలో ఒక డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. చిన్న వయసు, కళ్ళద్దాలు. స్ట్రోక్ వచ్చిన వాళ్ళ నరాలు, కండరాలు నెలనెలా ఎలా మారతాయో రీసెర్చ్ చేస్తున్నానంది. "దీనివల్ల మీ ఆయనకు ఇప్పుడు మేలేమీ ఉండదమ్మా. ముందుముందు వచ్చే రోగులకు ఉంటుంది. ఇష్టమైతేనే రండి" అని అరవంలో నిదానంగా చెప్పింది. ఆ మాట నేను విన్నాను. కాగితం మీద వేలిముద్ర వేశాను. ఆమె చెప్పలేదని నేను ఎన్నడూ అనను. మిషన్ చూశాక నేనే మరిచిపోయాను.

అది చల్లటి గది. బల్ల మీద చిన్న టీవీ లాంటిది, అందులో పచ్చటి గీత పరుగెత్తేది. మా ఆయన కుడిచేతికి రేకు బిళ్ళలు అంటించి, మణికట్టు దగ్గర కరెంటు పెట్టారు. నర్వ్ కండక్షన్ అన్నారు. టక్కుమంది. మూడు నెలలుగా చచ్చుబడి ఉన్న బొటనవేలు లేచి ఎగిరింది.

"కదిలింది మే! చూసినావా, కదిలింది!" అని ఆయన ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

ఇంటికొచ్చాక ఆ వేలిని ఒళ్ళో పెట్టుకుని "లెయ్ రా, ఆడ లేస్తావే, ఈడ ఏమొచ్చె నీకు రోగం?" అని తిట్టేవారు. అది లేచేది కాదు. నెల తిరగ్గానే మళ్ళీ ఆ గదికి పోవాలని తొందర. పరీక్ష ఉన్న రోజు ఆయన ఆడపెళ్ళివారిలా తెల్లవారకముందే తయారయ్యేవారు.

బీపీ మాత్రలు వేస్తే మాత్రం ఆయనకు కళ్ళు తిరిగేవి. నోరు ఎండిపోయి, మధ్యాహ్నం దాకా మంచం దిగేవారు కాదు. మా ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. ఒంటికి రెండు వైద్యాలు ఒకేసారి చేయకూడదు. పచ్చకామెర్లకు ఆకు పసరు తాగితే ఇంగ్లీషు మందు ఆపేస్తాం. కరెంటు వైద్యం నడుస్తుంటే మాత్ర ఎందుకనిపించింది. రెండూ లోపల కొట్లాడుకుని ఈయన్ని పడేస్తున్నాయనుకున్నాను. మాత్రలు ఆపేశాను. వారంలో ఆయన ముఖం తేటపడింది. కళ్ళు తిరగడం పోయింది.

"డాక్టర్లకు తెలీనిది నీకు తెలిసె" అని మెచ్చుకున్నారు కూడా.

బీపీ చూసే ఔట్‌పేషెంట్ వేరే రోజు ఉండేది. ఎటూ నెలనెలా ఆసుపత్రికి పోతున్నాం కదా అని అటు పోవడం మానేశాం. ఒకసారి డాక్టరమ్మ వైర్లు తీస్తూ అడిగింది. "మాత్రలు సరిగా ఇస్తున్నారా?"

"ఇస్తున్నానమ్మా" అన్నాను. లేదంటే తిట్టి, కరెంటు ఆపేస్తుందేమోనని భయం. నేనాడిన అబద్ధం ఇదే.

గది బయట బల్ల మీద మాతో పాటు అంజలై అనే ఆమె కూర్చునేది. ఆమెది తేంగాయితిట్టు, ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ ఊరు. మొగుడు పడవ మీద పోయేవాడు. అతనికి ఎడమ చెయ్యి పడిపోయింది. "మాత్ర వేస్తే తల తిరుగుతా ఉండాదంట అక్కా. ఇరవై ఏళ్ళు సముద్రంలో తిరగని తల, మంచం మీద తిరుగుతాదా?" అని నవ్వించేది.

"ఆపెయ్" అన్నాను. "కరెంటు పెడతాండారు గదా, మాత్రలెందుకు? నేను ఆపి మూడు నెలలాయె. చూడు, మా ఆయన ఎట్టుండాడో."

మా ఆయన కర్ర పైకెత్తి చూపించారు. ముగ్గురం నవ్వుకున్నాం.

తరువాతి నెల ఒక పొద్దున, పళ్ళు తోముకుంటూ ఆయన దొడ్లో పడిపోయారు. ఈసారి నన్ను పిలవడానికి కూడా మాట రాలేదు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అంతే. సుభద్రమ్మగారు, నేను కలిసి రిక్షా ఎక్కించాం. సాయంత్రానికి మింగడం కూడా పోయింది. ముక్కులోంచి గొట్టం వేశారు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ వార్డుకు వచ్చింది. చీటీ చూసి, "బీపీ ఇంత ఎందుకుంది? మాత్రలు ఎప్పుడు ఆపారు?" అని అడిగింది. ఆపారా అని అడగలేదు.

చెప్పాను. "మీరు కరెంటు పెడతాండారు గదమ్మా, బాగవతాండాడని..."

ఆమె చీటీ మంచం చివర పెట్టేసింది. తరువాత నన్ను ఆ చల్లటి గదికి తీసుకుపోయింది. "మీ చెయ్యి పెట్టండి" అంది. నా మణికట్టుకు కరెంటు పెట్టింది. నా బొటనవేలు ఎగిరింది. ఆయనది ఎగిరినట్టే, సరిగ్గా అట్లాగే.

"ఎవరికి పెట్టినా ఎగురుతుందమ్మా. చేతి నరం బాగానే ఉంది. దెబ్బ తగిలింది మెదడులో. ఇది కొలిచే మిషన్. దీంతో ఏదీ బాగవదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఒక్కసారి చెప్పి వదిలేశాను. ప్రతి నెలా చెప్పి ఉండాల్సింది."

నాకు ఏడుపు రాలేదు. చెయ్యి ఇంకా జివ్వుమంటూనే ఉంది.

ఆయన ఆ తరువాత మూడేళ్ళు బతికారు. మాట రాలేదు. గొట్టం తీసేశాక గంజి, మెత్తటి అన్నం చెంచాతో పెట్టేదాన్ని. పొరపోతే ఊపిరాడక నీలంగా అయిపోయేవారు. వీపు మీద పుండ్లు పడ్డాయి. పక్కకు తిప్పినప్పుడల్లా నా ముఖంలోకి చూసేవారు. ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. అడిగినా చెప్పలేరు. ఆయన పోయాకే పలక పట్టాను. ఇప్పుడు నాకూ బీపీ ఉంది. మాత్రల అట్ట మీద రోజుకొక గీత పెట్టుకుని వేసుకుంటున్నాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆసుపత్రిలో మీ వాళ్ళ ఒంటికి ఏ మిషన్ పెట్టినా, "ఇది పరీక్షా, వైద్యమా?" అని అడగండి. పెట్టిన ప్రతిసారీ అడగండి. విసుక్కున్నా అడగండి.

డాక్టరమ్మ నా వేలు ఎగరేసి చూపించిన మరునాడు పొద్దున, సుభద్రమ్మగారిని వార్డులో ఆయన పక్కన కూర్చోబెట్టాను. "ఎక్కడికండీ వదినగారూ, ఈ స్థితిలో ఆయన్నొదిలి?" అన్నారామె. వచ్చి చెబుతానన్నాను. తేంగాయితిట్టుకు నడిచి వెళ్ళాను. ఒడ్డున చేపల వేలం జరుగుతోంది. అంజలై తట్ట నెత్తికెత్తుకోబోతూ నన్ను చూసింది.

"ఏంది అక్కా, చేప ముట్టని వాళ్ళకు ఈడేం పని?" అని నవ్వింది.

"మీ ఆయనకు మాత్రలు వేస్తాండావా?"

"నువ్వే గదా ఆపమంటివి."

"నేనే. నా మాట తప్పు. నిన్న మా ఆయన మళ్ళీ పడిపోయినాడు. కరెంటు మందు కాదంట."

ఆమె నవ్వు ఆగిపోయింది. తట్ట అక్కడే దించేసి గుడిసె వైపు పరుగెత్తింది. మొగుడు వాకిట్లో కూర్చుని ఒక చేత్తో వల విప్పుతున్నాడు. ఇద్దర్నీ రిక్షా ఎక్కించాను. ముగ్గురికి చోటు లేదు, నేను పక్కన నడిచాను. ఔట్‌పేషెంట్‌లో నర్సు అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. పాదరసం చూసి, వెంటనే లేచి డాక్టరు గదిలోకి వెళ్ళింది. మాత్రల చీటీ అంజలై చేతికి వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తరువాత మా ఆయన ఉన్న వార్డుకు పోయాను.