సగానికి మరిగిన నీళ్లు

మా నానమ్మ కాచిన నీళ్లు ఒక్క గ్లాసు పోస్తే చచ్చినవాడు కూడా లేచి కూర్చుని, "ఇంకో గ్లాసు ఉందా?" అని అడుగుతాడు. ఈ మాట పుట్టించింది తాతయ్య. వీధిలో నలుగురి నోళ్లలో నాని అది తిరిగి ఇంటికొచ్చేసరికి, నానమ్మే నమ్మేసింది.

ఆవిడ దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కనే వంటింటి గుమ్మం. మిషను తొక్కుతూ మెడ తిప్పితే పొయ్యి మీద గిన్నె కనపడాలి. అందుకని మిషనుని దారికి అడ్డంగా వేయించుకుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాని కాలికి తగిలి కుయ్యోమనేవాళ్లు. "నీళ్లని కనిపెట్టుకుని ఉండాలమ్మా. మనుషులకేం, చూసుకుని నడుస్తారు" అనేది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆవిడ మొదటి బిడ్డ, ఇంకా అడుగులు కూడా వేయని పిల్ల, చెరువు నీళ్లు తాగి వాంతులూ విరేచనాలతో పోయింది. "మరిగించి పట్టాల్సిందమ్మా" అని నర్సు వెళ్తూ వెళ్తూ అంది. అన్న మనిషి గుమ్మం దాటకముందే మరిచిపోయి ఉంటుంది. విన్న మనిషి మరిచిపోలేదు. ఆ తర్వాత పెరట్లో బోరు వేయించారు. నీళ్లు అద్దంలా పడ్డాయి. అయినా సరే, మరగని చుక్క ఆ ఇంట్లో ఎవరి గొంతూ దిగడానికి వీల్లేదు.

పోనీ అందరిలా ఒక పొంగు రానిచ్చి దించుతుందా అంటే, అలా దించితే ఆవిడ మా నానమ్మ ఎందుకవుతుంది? "ఒక్క పొంగుకే క్రిములు చస్తే, సగానికి మరిగిస్తే వాటి వంశమే మిగలదు." అదీ ఆవిడ లెక్క. కషాయం కాచినట్టు కాచేది. నిండు గిన్నె సగమయ్యేదాకా మంట తగ్గించేది కాదు. అడుగున పట్టిన తెల్లటి పెచ్చుని గరిటెతో గీకి, "చూశారా, మీ కడుపుల్లోకి పోవాల్సిన మడ్డి ఇది!" అని దొంగని పట్టుకున్న పోలీసులా అందరికీ చూపించేది.

ఆ పిల్ల తర్వాత ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాన్న. చెబితే వినే ఘటం కాదు. "ఈ నీళ్లకి రుచి చచ్చింది" అని గ్లాసు కిటికీలోంచి పారబోసి, బడిలో ట్యాంకరు తెచ్చి నింపే ఏటి నీళ్లని కుళాయికి నోరానించి తాగేవాడు. పట్టుబడ్డప్పుడల్లా నానమ్మ కొలబద్దతో వీపు వాయించేది. చిన్నవాడు బాబాయి. పుట్టుకతోనే బక్కప్రాణం. అందుకని బాబాయి గిన్నె పొయ్యి మీద మరికాసేపు ఉండేది. బడికి సీసాలో ఆ నీళ్లే. పక్కవాడు అడిగినా, "మా అమ్మ నాకోసం కాచింది" అని సీసా దాచుకునేవాడట. ఎంత బుద్ధిమంతుడంటే, తాగమన్నప్పుడల్లా తాగాడు.

మొదట పళ్లమీద గోధుమరంగు చారలు వచ్చాయి. నానమ్మ బొగ్గుపొడితో తోమించింది. తర్వాత మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుని పాదాలు దూరం జరిగాయి. మీసాలొచ్చేసరికి వెన్ను బిగుసుకుపోయింది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి, తలుపు తిరిగినట్టు. వీధిలో అలాంటివాళ్లు ఇంకా కొందరున్నారు గానీ, ఇంతగా వంగినవాడు బాబాయి ఒక్కడే. నానమ్మ ఆ మోకాళ్లు కనపడకుండా వెడల్పాటి ప్యాంట్లు కుట్టింది. నొప్పులంటే ఇంకో గ్లాసు నీళ్లిచ్చింది.

బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. కూర్చుని చేసుకునే పని. "మెడ తిరగకపోవడం మన వృత్తికి వరం. పక్కన ఎవరెళ్లినా చూపు ముల్లు మీదే ఉంటుంది" అని నవ్విస్తాడు.

కిందటేడు నీళ్లు పరీక్షించే అమ్మాయి ఒకతె ఇంటింటికీ తిరుగుతూ వచ్చింది. చిన్న గాజుసీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తుంది. ఎరుపు నిలిస్తే మంచివి, పసుపుకి తిరిగేకొద్దీ, ఎముకల్ని వంచేసే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. మా బోరు నీళ్లు పసుపుకి తిరిగాయి.

నానమ్మ మూతి విరిచింది. "ఆ పచ్చి నీళ్లు ఎవరు తాగుతారమ్మా? ఇవి చూడు, ఇవీ మేం తాగేవి" అని, కూతురికి ఫస్టుమార్కు వచ్చిన తల్లిలా గిన్నె ముందుకు తోసింది.

ఈసారి సీసాలో ఎరుపన్నది మిగల్లేదు.

"ఎంతసేపు మరిగిస్తారండీ?"

"సగమయ్యేదాకా."

ఆ అమ్మాయి సీసా వంకే చూస్తూ మెల్లగా చెప్పింది. "మరిగిస్తే క్రిములు చస్తాయండీ. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. ఆవిరయ్యేది నీళ్లే. మిగిలిన నీళ్లల్లో అది ఇంకా చిక్కబడుతుంది."

ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది నానమ్మా, నేనూ. "మీ బాబాయికి చెప్పావంటే నాలుక కోస్తా" అంది నానమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు.

ఇంటికి ఏటి నీళ్ల గొట్టం వేయించారు. బోరుని స్నానాలకి వదిలేశారు. నానమ్మ గిన్నెని తోమి అటకెక్కించింది. కానీ అది దిగొచ్చి మరుగుతూనే ఉంది, ఆవిడ చెవుల్లో. కుడుతూ కుడుతూ పాదం ఆపేసేది. మిషను చప్పుడు ఆగాక గది నిండా సలసలమని నీళ్లు మరిగే చప్పుడు. లేచి వెళ్లి చల్లటి పొయ్యి మీద అరచెయ్యి పెట్టి చూసుకునేది. మళ్లీ వచ్చి కూర్చునేది. సూదిలోకి దారం ఎక్కిస్తుంటే ముందు గదిలో చిన్నపిల్లాడెవడో గ్లాసు చాపి నిలబడ్డట్టుండేది. తలెత్తితే కొలతలకొచ్చిన మనిషి.

అప్పట్నుంచి ఆవిడ చేత్తో ఎవరికీ నీళ్లివ్వలేదు. అడిగినవాళ్లకి బిందె వైపు గడ్డం చూపించేది. మిగతావాళ్లు సర్దుకున్నారు. దుకాణం నుంచి రాగానే అమ్మ చేతి గ్లాసుడు నీళ్లు తాగడం అలవాటైన బాబాయి సర్దుకోలేకపోయాడు.

ఓ సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే మిషను ముందు నిలబడ్డాడు. "అమ్మా, నీళ్లు."

"బిందె అక్కడే ఉంది. ముంచుకో."

"నేను వంగలేనని నీకు తెలీదా?"

"నీ అన్న కూతురు ఖాళీగానే ఉంది. దాన్నడుగు."

"అది తెచ్చేలోపే సగం ఒలకబోస్తుంది. ఏంటమ్మా ఇది? ఇన్నాళ్లుగా చూస్తున్నా. నా మీద ఎందుకింత కోపం? నేనేం చేశాను?"

మిషను ఆగింది. "నువ్వేం చేశావురా! చెప్పిందల్లా చేశావు" అంది నానమ్మ. ఇక దాచలేకపోయింది. తల వంచుకుని, చేతిలో గుడ్డకి చెబుతున్నట్టు చెప్పింది. నీకోసమని గిన్నె మరికాసేపు ఉంచేదాన్ని, అది లోపల చిక్కబడుతూ ఉండేది, ఆ అమ్మాయి సీసా పసుపైపోయింది అని. అంతా చెప్పాక కూడా గుడ్డ వదల్లేదు.

బాబాయి మిషను అంచు పట్టుకున్నాడు. తర్వాత, "అయితే అన్నయ్యని అన్నాళ్లు ఉత్తపుణ్యానికి కొట్టావన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. "సరే. ఇప్పుడు నీళ్లివ్వు."

నానమ్మ లేచింది. గ్లాసు కడిగింది, మళ్లీ కడిగింది. బిందెలోంచి ముంచి తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది. బాబాయి అందుకున్నాడు. తాగేముందు ఒక్క క్షణం గ్లాసులోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అమ్మ ఇచ్చిన గ్లాసులోకి బాబాయి అలా చూడ్డం అదే మొదటిసారి. ఆ చూపు నానమ్మ కంటపడింది. తర్వాత గటగటా తాగేసి, గ్లాసు ఇచ్చి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నానమ్మ ఖాళీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయింది.

"హమ్మయ్య, తాగాడుగా నానమ్మా!" అన్నాను ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి. "ఇక దిగులెందుకే? నీ కథ రాస్తున్నానుగా, కొడుకు క్షమించేశాడని రాసేస్తా, గొడవ వదిలిపోతుంది."

"పిచ్చి రాతలు రాయకు. వాడికి దాహమేసింది, తాగాడు. అంతవరకే రాయి."