తూర్పుకు తల

ఓబులేసు పేరు అహోబిలం స్వామిది. ముప్పయ్యేళ్ల కింద బాప్తిస్మంలో ఇంకో పేరు పెట్టారు గానీ, అది చర్చి పుస్తకంలోనే ఉండిపోయింది. నంద్యాలలో క్రైస్తవుల ఇంట ఎవరు పోయినా గుంత తవ్వడానికి ఓబులేసునే పిలుస్తారు.

నల్లరేగడిలో తవ్వడం తేలిక కాదు. ఎండాకాలం గడ్డపార దిగదు. వానాకాలం తవ్విన అంచు మళ్లీ గుంతలోకే జారుతుంది. ఏ కాలమైనా ఓబులేసు ముందు నిలబడి తూర్పు చూసుకుంటాడు. పడమటికి తల, తూర్పుకు కాళ్లు. చచ్చినోళ్లను లేపే కడబూర మోగిన పొద్దున అందరూ లేచి కూర్చుంటే, మొహాలు ప్రభువు వచ్చే దిక్కుకే ఉండాలి. అతనికి చదువు రాదు. ఈ సంగతి అతనికి ముందు అక్కడ తవ్విన ముసలాయన చెప్పిపోయాడు. మంచు పొద్దుల్లో ఆ వరసల మధ్య నడుస్తుంటే, ఒకే ఇంటి మనుషులంతా ఒకే తట్టు తిరిగి నిద్రపోతున్నట్టు తోస్తుంది. అందుకే అడుగు మెల్లగా వేస్తాడు.

పోయిన మంగళవారం ఆళ్లగడ్డ నుంచి దేవభూషణం అయ్యవారిని తెచ్చారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తల్లిదండ్రులు పడుకున్నది నంద్యాలలోనే కాబట్టి ఆయనకూ ఇక్కడే చోటు. ఒకటే వాన. బురదలో బండి గేటు దాటలేదు. పెట్టెను భుజాలు మార్చుకుంటూ మోసుకొచ్చారు. తడవకుండా కప్పిన పట్టా కింద, తల ఎటో చెప్పే మూత మీది సిలువ కనబడలేదు.

ఓబులేసు ఎప్పుడూ కాళ్ల వైపు తాడు పట్టుకుంటాడు. ఆ వైపు బరువు తక్కువ. ఆ రోజు తాడు అరచేతుల్లో జారుతుండగా బరువంతా తన వైపే వచ్చింది. భుజాల బరువు, తల బరువు. తల తూర్పుకు పోతోందని అతనికి తెలిసిపోయింది. పెట్టె అడుగు తాకింది. పాస్టరయ్య గుప్పెట్లో మన్ను తీసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. గొడుగు కింద అయ్యవారి భార్య యశోదమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఓబులేసు పార అందుకుని మన్ను లాగాడు.

అతని భార్య లూదియా రోజూ పొద్దున టీ కాగేలోపల వాక్యం చదువుతుంది. చివర ఓబులేసు ఆమెన్ అంటాడు. శనివారం ఆమె పుస్తకం మూసి అతని వైపు చూసింది.

“ఏందీ, నాలుగు దినాలాయె, ఆమెన్ అనకుండా టీ తాగతాండావ్? నోట్లో ఏం పెట్టుకున్నావ్?”

చెప్పాడు. లూదియా చాలాసేపు గ్లాసు కడుగుతూనే ఉంది.

“నాకు జెప్తే ఏమొస్తాది? ఆయమ్మకు జెప్పు. పో.”

ఆళ్లగడ్డ బస్సెక్కాడు. యశోదమ్మ వసారాలో మంచం మీద కూర్చుని అయ్యవారి చొక్కాలు మడతపెడుతోంది. ఓబులేసు కింద కూర్చోబోతే కసిరింది.

“ఆడ కాదప్పా, కుర్చీ ఉండాది గదా.”

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. “మళ్లీ తవ్వమంటే పాస్టరయ్య కాళ్లు పట్టుకోనైనా అనుమతి తెస్తామ్మా. నేనే తిప్పి పెడతా.”

“నువ్వు జెప్పకుంటే నాకు తెలిసేదా?”

“తెలీదమ్మా.”

“ఇంకెవురికన్నా తెలుసునా?”

“నాకు తెలుసు గదమ్మా.”

ఆమె చేతిలో చొక్కా మడత ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓబులేసు తల దించుకున్నాడు. కాసేపటికి వినబడింది ఏడుపు కాదు, నవ్వు. రెండూ కలిసినట్టుంది.

“పిల్లోళ్లకు దిక్కులు జెప్పేటోడప్పా ఆయన. తనకు మాత్రం ఒక్క దిక్కూ తెలీదు. నంద్యాల బస్సెక్కమంటే కడప బస్సెక్కి కూచున్నాడు ఒకసారి. పెండ్లయినకాడ్నుంచీ చెయ్యి పట్టుకోని తిప్పింది నేనే.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “వద్దు, తవ్వొద్దు. పండుకున్నోన్ని కదిలించొద్దు. పక్కన చోటు ఉండాదా?”

“ఉందమ్మా.”

“అది నాది. నన్నూ తూర్పుకే తల పెట్టు, ఆయన మాదిరి.”

ఓబులేసు గబుక్కున లేచి నిలబడ్డాడు. “తప్పు పొరబాటున జరిగిందమ్మా. తెలిసి నా చేత్తో ఎట్ల జేసేది?”

“నీ వరస నీకు ముద్దు. నా మనిషి నాకు. ఆయన తల కాడ నా కాళ్లుంటాయా? ఆ దినం లేచి పడమర చూసుకుంటా ప్రభువు యాడ యాడ అని ఎతుక్కుంటాడు. పక్కన నేనుంటే, ఇట్ల తిరుగు అని జెప్తా. ఇద్దరం తిరుక్కుంటాం. దానికెంతసేపు?”

ఓబులేసు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ముప్పయ్యేళ్లుగా అతను మనుషుల్ని వేకువకు సిద్ధం చేసి పడుకోబెట్టాడు. లేచాక ఎవరు ఎవరికి దారి చెప్తారో ఎన్నడూ ఆలోచించలేదు.

“నేను ముందు పోతే?” అన్నాడు చివరకు.

“మీ ఇంట్లో ఆమెకు జెప్పి పో. ఇంత అన్నం తిని పో, ముందు.”

తిన్నాడు. నాలుగు దినాల తర్వాత ఆకలి తెలిసింది.

సాయంత్రం లూదియా, ఓబులేసుకు బదులు తను రాసే సమాధుల పుస్తకం తెరిచి, అయ్యవారి పక్క చోటు యశోదమ్మకని రాసింది. తూర్పుకు తల అని కూడా రాసి, కలం ఎత్తి పట్టుకుంది.

“రేపు ఎవురన్నా ఎందుకని అడుగుతారు. ఏమని రాయాల?”

ఓబులేసు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“పక్కన మనిషి ఉండాడని రాయి.”