లప్పం పెట్టిన హెడ్‌లైట్లు

1984 నవంబరులో నన్ను పల్నాడు వైపు ఒక బస్సు డిపోకు ఎలక్ట్రికల్ చార్జ్‌హ్యాండ్‌గా వేశారు. మెకానిక్కులకు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే ఉద్యోగం అది. బల్బు వెలగకపోతే తిట్లన్నీ మాకే. వెలిగితే ఎవరూ పట్టించుకోరు.

పత్తి, మిరప పొలాల మధ్య మట్టిరోడ్లు. దుమ్ము హెడ్‌లైట్లలోకి దూరి డూమ్‌ను, అంటే బల్బు వెనక మెరిసే గిన్నెను, మసకబార్చేది. డూమ్ అడుగున చిన్న కన్నం ఉంటుంది. దుమ్ముకు దారి అదేనని తేల్చేసి, అన్ని బండ్లకూ ఆ కన్నాన్ని లప్పం పెట్టి మూయించాను. గొప్ప పని చేశానని మురిసిపోయాను కూడా.

డిసెంబరులో సత్తెనపల్లి మొదటి ట్రిప్పు డ్రైవరు మస్తాన్ గారు వరసగా మూడు రోజులు లాగ్‌షీటులో 'లైట్లు మసక' అని రాశారు. డ్రైవర్లు బండి లోపాలు రాసేది అందులోనే. మూడు రోజులూ మధ్యాహ్నం బండి తిరిగొచ్చాక చూశాను. అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. 'చూశాం, బాగానే ఉంది' అని సంతకం పెట్టాను.

నాలుగో రోజు తెల్లవారుజామున, మంచులో, పత్తి కుక్కిన గోనె బోరేలు వేసుకొస్తున్న ఎడ్లబండి ఆయనకు ఆఖరి క్షణంలో కనిపించింది. తప్పించబోయి బస్సును కాలువలోకి దించారు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కానీ నిర్లక్ష్యంగా నడిపారని ఆయనకు చార్జిషీటు ఇచ్చారు. దానికి సాక్ష్యం నా సంతకాలే. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి ఉద్యోగం పోయేలా ఉంది.

ఆయన వచ్చి నా మీద అరవలేదు, అరిచినా బాగుండేది. "మీరు ఎండెక్కినాక చూస్తన్నారు సారూ. ఓసారి మంచులో లైటేసి చూడండి. అద్దం లోపల చెమట పట్టుద్ది" అన్నారు.

ఆయన బండి కాలువలో మునిగింది కాబట్టి దాని లైట్లలో నీళ్లున్నా ఏమీ తేలదు. మర్నాడు ఐదింటికే షెడ్డుకు వెళ్లి మరో బండికి లైట్లు వేశాను. కాసేపటికి అద్దాల లోపల ఆవిరి కమ్మింది. ఎదురుగా ఉన్న గోడ కూడా సరిగా కనబడలేదు. విప్పితే డూమ్ అడుగున చెంచాడు నీళ్లు! బండి కడిగినప్పుడల్లా పాత రబ్బరు సందుల్లోంచి నీళ్లు లోపలికి వెళుతున్నాయి. అవి బయటికి పోవడానికే ఆ కన్నం. దాన్ని నేనే మూయించాను. బల్బు వేడికి ఆ నీరు ఆవిరై చల్లటి అద్దానికి పడుతోంది, ఎండెక్కి అద్దం వేడెక్కగానే మాయమవుతోంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఒక లైటుకు లప్పం ఊడబీకి, ఆరబెట్టి బిగించాను. రెండోదాన్ని అలాగే వదిలేశాను. మరుసటి తెల్లవారుజామున డిపో మేనేజరు గారిని బతిమాలి షెడ్డుకు తీసుకొచ్చాను. ఆయన మంకీ క్యాపులోంచే రెండు లైట్లనూ మార్చి మార్చి చూశారు. ఒకటి తేటగా ఉంది, రెండోది మసకేసింది.

"ఇది కాగితం మీద పెడితే మెమో నీకొస్తుందయ్యా" అన్నారు.

పెడతానన్నాను. ఆ ఉదయమే రాసిచ్చి, అన్ని బండ్లకూ లప్పం తీయించాను.

వారంలో మస్తాన్ గారి మీద చార్జిషీటు ఎత్తేశారు. నాకు మెమో వచ్చింది, ప్రమోషను ఏడాది వెనక్కి పోయింది. ఆయన తిరిగి డ్యూటీ ఎక్కిన రోజు నేనూ ముందు సీట్లో కూర్చుని సత్తెనపల్లి దాకా వెళ్లాను. మంచులోనూ రోడ్డు చివరిదాకా కనిపించింది. ఎన్నాళ్లకో గుండె మీద బరువు దిగింది. బస్టాండులో ఆయన టీ ఇప్పిస్తే నిశ్చింతగా తాగాను.

ఫిర్యాదు ఏ వేళకు సంబంధించిందో ఆ వేళకే వెళ్లి బండిని చూడాలి. నేను నాకు వీలైన వేళ చూసి, డ్రైవరు మాట అబద్ధమన్నట్టు రాశాను.